ఈ పని చేయగలవారు ఇక్కడ లేరు

పోయిన మంగళవారం పొద్దున పటాన్‌చెరు బస్టాండు ముందు షేర్ ఆటోలో కూర్చుని, అది నిండేదాకా ఎదురుచూస్తుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఫిలిప్పీన్స్ నంబరు. ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు. "అమ్మ ఆదివారం చనిపోయింది. మీ నంబరు ఆమె ఫోన్‌లో 'ఇండియా పేపర్' అని ఉంది. మీరెవరో నాకు సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్లందరికీ చెప్పమంది, అందుకే చెబుతున్నాను." కింద కూతురి పేరు.

రెండుసార్లు చదివాను. ముందు కోపం వచ్చింది. రెండేళ్లకు పైగా ఆమె కోసం నేను తిరిగిన ఆఫీసులెన్ని, కంప్యూటర్ ముందు కళ్లు పాడుచేసుకున్న రాత్రులెన్ని! ఇంత చేస్తే చివరికి నాకు మిగిలిన పేరు 'ఇండియా పేపర్'. ఆటో ముత్తంగి వైపు తిరిగాక నవ్వొచ్చింది. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది. పక్కనున్న ముసలాయన "ఏమైందమ్మా, గట్ల ఏడుస్తున్నవ్?" అని అడిగాడు. "మా అత్త చనిపోయింది" అన్నాను. అంతకంటే దగ్గరి మాట నాకు తోచలేదు.

సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నేను హెచ్ఆర్ విభాగంలో పనిచేస్తాను. రోగులకు సెలైన్ ఎక్కించే గొట్టాలు, ఇంకా సన్నవి, రక్తనాళాల్లోకి పంపేవి మా దగ్గర తయారవుతాయి. ఆ సన్న గొట్టాల మెషిన్ కొత్తగా తెప్పించినప్పుడు దాన్ని నడపడం ఇక్కడ ఎవరికీ చేతకాలేదు. మూడు నెలలపాటు గొట్టం ఒకచోట లావుగా, ఒకచోట పలుచగా వచ్చి చెత్తడబ్బాలు నిండాయి. అప్పుడు ఫిలిప్పీన్స్ నుంచి ఆమెను పిలిపించారు. వీసా పని ముంబయిలోని ఎవరో ఏజెంటు చూశాడు. ఏ కాగితాలు పెట్టాడో నాకు తెలియదు, రెండేళ్ల ఉద్యోగ వీసా వచ్చింది. ఆమె దిగిన తర్వాత నివాస అనుమతి, రిజిస్ట్రేషన్, గడువు ముగిసేలోగా పొడిగింపు, ఇవన్నీ నా నెత్తిన పడ్డాయి. అంతకుముందు నేను చేసిన పెద్ద కాగితం పని పీఎఫ్ ఫారాలు నింపడం.

వచ్చిన మొదటి రోజు లైన్‌లో పనిచేసే ఆడవాళ్లకు ఆమెను పరిచయం చేశాను. "మేడమ్ అనొద్దు. ఆతే అనండి" అందామె ఇంగ్లిష్‌లో. వాళ్ల భాషలో ఆతే అంటే అక్క. మావాళ్లకు అది అత్త అని వినిపించింది.

"గీమె మనకు అత్తెట్లయితది?" అని ఒకామె గుసగుసలాడింది.

"అయితది తియ్. ఏదో ఒక వరస ఉండాలె గదా" అంది సునీత.

సునీత మా ఊరు లక్డారం పిల్లే. పదో తరగతి చదివింది. ప్లాస్టిక్ గింజల సంచులు మోసి మెషిన్‌లో పోసే హెల్పర్‌గా చేరింది. ఆమె ఆ మాట అన్న క్షణం నుంచి ఆ మనిషి ఫ్యాక్టరీ మొత్తానికి అత్త అయిపోయింది. సెక్యూరిటీ గార్డు నుంచి బీహారీ ఫిట్టర్ల దాకా అందరూ అత్త అనే పిలిచారు. అసలు పేరు నాకొక్కదానికే గుర్తుండేది, ఫారాల్లో రాసీ రాసీ.

పొట్టి మనిషి. చెవుల దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు. చదువుకునే కళ్లజోడును మెడలో వేలాడేసుకునేది, దానికి తాడు మా ఫ్యాక్టరీ గొట్టమే. పారేసిన చుట్టలోంచి ఒక ముక్క కోసి ముడేసుకుంది. గొట్టాలు తయారయ్యే, దుమ్ము చేరనివ్వని క్లీన్ రూమ్ బయటికి రాగానే చిన్న పసుపుపచ్చ తువ్వాలు మడిచి వీపు మీద, చొక్కా కాలరు లోపలికి దూర్చుకునేది. చెమటకట. మా ఆడవాళ్లు వారం రోజులు నవ్వారు. వేసవి ముదిరేసరికి లైన్ మొత్తం వీపులో తువ్వాళ్లు దూర్చుకుంది.

ఆమె పని చేసే తీరు చెప్పాలి. ప్లాస్టిక్ గింజలు కరిగి, సన్నని గొట్టమై, నీళ్ల తొట్టిలో చల్లబడి, అవతల చుట్ట చుట్టుకుంటుంది. నీళ్లలోంచి బయటికొచ్చే చోట అత్త నిలబడేది. బొటనవేలు, చూపుడువేలు మధ్య గొట్టాన్ని జారనిచ్చేది, చేపపిల్లను పట్టీ పట్టనట్టు. కళ్లు మూసుకునేది. కాసేపాగి, "కింద పలుచన" అనేది. లేకపోతే "ఎడమకు లావు". దాన్నిబట్టి మెషిన్ మూతి చుట్టూ ఉన్న బోల్టులు తిప్పి సరిచేసేది. అక్కడున్న లేజర్ పరికరం బయటి కొలత మాత్రమే చూపిస్తుంది, గోడ ఎటువైపు పలుచబడిందో చెప్పదు. క్వాలిటీ విభాగం అతను ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అత్త అన్నట్టే ఉండేది. మొదట్లో అతను పందెం కాసేవాడు. నెల తిరిగేసరికి మానేశాడు.

నేను ఫైలు పట్టుకుని వెళ్లి క్లీన్ రూమ్ గ్లాసు గోడ తడితే కళ్లు తెరవకుండానే రెండో చెయ్యి ఎత్తేది. "జెర ఆగు." ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే. తర్వాత "మొదలు ట్యూబు, ఎనక పేపరు". ఆ "ఎనక" అన్నమాట గింజలు పోశాక పక్కనే నిలబడి పని నేర్చుకునే సునీత నోటి నుంచి పట్టుకుంది. నేనేమో గడువు దాటిపోతుందని ఫోన్‌లో తేదీ చూసుకుంటూ గ్లాసు గోడకు ఇవతల నిలబడేదాన్ని.

గడువులు అలాంటివి మరి. దేశంలో దిగిన పద్నాలుగు రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. దానికి ఆమె ఉంటున్న ఇంటి యజమాని ఒక ఫారం నింపి, నా ఇంట్లో ఫలానా విదేశీయురాలు ఉంటోందని తెలియజేయాలి. అమీన్‌పూర్‌లో కిరాయికిచ్చిన ఆ పెద్దమనిషి ఫారం చూసి మండిపడ్డాడు.

"నేనేమన్న లాడ్జి నడుపుతున్ననా? గీ కాగితం హోటలోళ్లు ఇచ్చేది."

"ఇల్లు కిరాయికిచ్చినా ఇయ్యాల్నంట అంకుల్."

"రేపు ఆమె ఏమన్న చేస్తే నన్ను పట్కపోతరా?"

"ఆమె ఏం చేస్తది అంకుల్, ట్యూబులు చేస్తది."

నాలుగు సార్లు తిరిగాను. చివరికి ఆయన మిద్దె మీద నీళ్ల ట్యాంకు పైపు పగిలితే ప్లంబర్ రాకముందే అత్త ఎక్కి సరిచేసిందట. ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేసి "ఫారం తెచ్చుకోమ్మా" అన్నాడు.

ఫోటో ఆరుసార్లు వెనక్కి వచ్చింది. వెనక గోడ తెల్లగా లేదని, కొలత ఎక్కువని, కళ్లజోడు మెరుస్తోందని. తర్వాత పేరు. వాళ్ల దేశంలో నడిమి పేరంటే తల్లి పుట్టింటి ఇంటిపేరు. పాస్‌పోర్టులో అది ఉంది, మా కంపెనీ ఉత్తరంలో లేదు. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించడానికి సంగారెడ్డిలో నోటరీ దగ్గర ఒక పూటంతా కూర్చున్నాం. "మీ దగ్గర ఇంటిపేరు ముందా వెనకా?" అని అత్త అడిగింది. నా టెన్త్ మెమోలో ముందు, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌బుక్‌లో అసలు లేదు అని చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

ఫారం మీద సంతకం పెట్టే ముందు ఆమె ప్రతి గడీ చదివేది. అదే నాకు పెద్ద పరేషాన్. ఏజెంట్లు, ఇంజనీర్లు, ఎవరైనా సరే, చూపించిన చోట గీకేసి పోతారు. ఈమె మాత్రం కలం గాల్లో ఆపి "ఇది నిజమేనా?" అని అడిగేది. శాశ్వత చిరునామా అని ఉంటే, "అది కిరాయి ఇల్లు. శాశ్వతం ఎలా అవుతుంది?" అంది. గుర్తింపు చిహ్నం అన్న గడీ దగ్గర మాత్రం ఉత్సాహంగా చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతి కింద జానెడు కాలిన మచ్చ, పాతికేళ్ల వయసులో మెషిన్ మూతి తగిలి కాలింది. "ఇది రాయి. ఇది నిజం."

మధ్యాహ్నం లైన్ ఆడవాళ్లతోనే తినేది. ఒకరోజు డబ్బాలో ఎండుచేపలు తెచ్చింది. ఆఫీసు వాళ్లకు వాసన తగిలి, క్యాంటీన్‌లో ఘాటైన పదార్థాలు తినరాదని నోటీసు పెట్టారు. ఆ నోటీసు టైపు చేసింది నేనే. మర్నాటి నుంచి లైన్ ఆడవాళ్లు బయట సైకిల్ షెడ్డులో గోనెసంచి పరుచుకుని కూర్చున్నారు, మధ్యలో అత్త, అందరి డబ్బాల్లోనూ ఎండుచేపలే. సునీత ఇంటి నుంచి చింతపండు పులుసు తెస్తే అత్త ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. మెషిన్ దగ్గర మూసుకున్నట్టే. "మా ఇంట్లో పులుసు" అంది తెలుగులో, ఎవరూ నేర్పకుండానే.

మా ఊరి చర్చికి కూడా వచ్చేది, సునీతతో. పాట రాకపోయినా స్వరం పట్టుకుని పాడేది. కానుకల పళ్లెం ముందుకొచ్చినప్పుడు ఎప్పుడూ కళ్లు మూసుకుని ఒకే పేరు గొణిగేది. భర్త పేరు. ఆయనకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. అక్కడ ఆమె ఇరవై ఏళ్లు పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడింది. యాభై ఆరేళ్ల మనిషిని ఇంకెవరూ పనిలోకి తీసుకోలేదు. ఇక్కడి ఉద్యోగం మీదే ఆ ఇల్లు నడిచేది. ఇంకో మూడేళ్లు ఉంటే చాలు అనేది.

ఆ మూడేళ్ల కోసమే నేను పొడిగింపు దరఖాస్తు మొదలుపెట్టాను.

కంపెనీ తరఫున ఒక ఉత్తరం జతచేయాలి. ఆమె ఎంతటి నిపుణురాలు, ఆమె చదువేమిటి, ఆ పనికి ఇక్కడివాళ్లు ఎందుకు దొరకరు. మా హెచ్ఆర్ మేనేజర్ స్వయంగా రాయించారు. కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆయనది. చెడ్డమనిషి కాదు. కాగితం కదలాలంటే ఏం రాయాలో తెలిసిన మనిషి, అంతే. అత్తను తన గదికి పిలిపించి ఉత్తరం ముందుకు జరిపారు. మా ముగ్గురి మాటలూ ఇంగ్లిష్‌లో సాగాయి, సారు మాత్రం మధ్యమధ్య నావైపు తిరిగి తెలుగులో విసుక్కున్నారు.

అత్త గొట్టం తాడు సర్దుకుని కళ్లజోడు పెట్టుకుంది. మొదటి వాక్యం దగ్గరే కలం ఆగింది.

"మెకానికల్ ఇంజనీర్ అని ఉంది. ఇది నిజమేనా?"

"ఫార్మాలిటీ మేడమ్."

"నేను ఇంజనీర్‌ను కాను. రెండేళ్ల ట్రేడ్ స్కూల్. తర్వాత ముప్ఫై ఏళ్లు మెషిన్."

"ముప్ఫై ఏళ్లు చేశాక మీరు ఇంజనీర్ కాకపోతే ఇంకెవరు?" సారు నిజంగానే మెచ్చుకోలుగా అన్నారు.

"అయితే ఆ మాటే రాయండి" అని ఆమె ఇంజనీర్ అన్న పదం కొట్టేసింది.

సారు నావైపు తిరిగారు. "డిగ్రీ లేకపోతే నిపుణురాలని ఎవడు నమ్ముతాడమ్మా? కొంచెం చెప్పు ఆవిడకి."

నేను నోరు తెరిచేలోపే ఆమె కిందికి వెళ్లిపోయింది. చివరి పేరాలో ఒక వాక్యం ఉంది. ఈ పని చేయగలవారు ఇక్కడ లేరు. దాని కింద కలం ఆనించింది.

"సునీతకు వచ్చు" అంది.

"ఏ సునీత? ఆ హెల్పర్ అమ్మాయా?" సారు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, ముందుకు వంగి, మెల్లగా చెప్పారు. "చూడండి మేడమ్. ఇక్కడివాళ్లకు రాదంటేనే మీరు ఇక్కడ ఉండగలరు. వచ్చంటే మీ అవసరం లేదు. ఏది రాయమంటారు?"

"రెండు సైజులు సునీతకు వచ్చు. ఇంకా ఐదు సైజులు నేర్పాలి. అది రాయండి."

"నేర్పడానికంటే ట్రైనర్. మీ వీసా ట్రైనర్‌ది కాదు. అదొక వేరే తలనొప్పి."

"నాకు మూడేళ్లు కావాలి" అందామె. "నా భర్త మంచంలో ఉన్నాడు. కానీ సునీతకు వచ్చు."

ఈ రెండు మాటల మధ్య ఆమె ఊపిరి కూడా తీసుకోలేదు. కళ్లజోడు తీసి లేచి వెళ్లిపోయింది. షిఫ్టు మధ్యలో మెషిన్ వదిలి వచ్చింది మరి.

సారు తల పట్టుకున్నారు. "ఆవిడ కోసమే కదమ్మా ఇదంతా! సరే, కంపెనీ ఉత్తరం కంపెనీ ఇష్టం. నేను సంతకం పెడతా, నువ్వు అప్‌లోడ్ చెయ్."

ఇంజనీర్ అన్న అబద్ధానికి నాకు భయమేసింది. లేని డిగ్రీ రాస్తే రేపు చూపించమంటే ఎక్కణ్నుంచి తేను? అది తీసేశాను. ట్రేడ్ స్కూల్ సర్టిఫికెట్, అనుభవ పత్రాలు పెట్టాను. ఆ చివరి వాక్యం మాత్రం ఉంచాను. అది ఎవరినీ నొప్పించదు, ఎవరు చదువుతారులే అనుకున్నాను. ఆమె ఇక్కడే ఉండాలి, నాకు కావలసింది అది. సారు గొణుగుతూనే సంతకం పెట్టారు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి పంపేశాను.

జిరాక్స్ మెషిన్ దగ్గర ఒక కాపీ మర్చిపోయాను. స్టోర్స్ క్లర్క్ దాన్ని క్యాంటీన్‌లో చదివి వినిపించాడట.

మర్నాడు కంపెనీ బస్సు కోసం నిలబడితే సునీత నా ముందుకొచ్చింది.

"అక్కా, నాకు రాదని రాసినవంట?"

"నీ గురించి కాదు సునీతా. గా ఫారంల అట్ల రాయాల్నే ఉంటది."

"అంటే నాకు రాదనే గదా?"

"అత్త ఉండాలని రాసిన."

"అత్త ఉండాలె. నేనొద్దంటున్ననా? గని నాకు రాదని ఎందుకు రాసినవ్? రెండేండ్ల సంది వేళ్లు కాల్చుకుంట నేర్చుకున్న." ఆమె గొంతు పెరగలేదు. చేతులు చాపి చూపించింది. బొటనవేళ్ల మీద చర్మం నున్నగా, మెరుస్తూ ఉంది. "జెర నన్నొక మాట అడిగితే అయిపోతుండె."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు, ఆటోలో వెళ్లిపోయింది.

అత్త పది రోజులు నాతో మాట్లాడలేదు. గ్లాసు గోడ ఇవతల నేను నిలబడితే చెయ్యి కూడా ఎత్తేది కాదు. రెండో ఆదివారం చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికే వచ్చింది. మా నాన్న స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాడు, ఆయన కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది.

"నన్ను ఉంచుకోవాలని రాశావు. నాకు తెలుసు."

"అవును."

"ఇక్కడ ఎవరికీ రాదని రాశావు. అయితే నేను రెండేళ్లు ఇక్కడ ఏం చేశాను?"

మా అమ్మకు ఇంగ్లిష్ రాదు, అయినా ఏదో అర్థమై గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అత్త తాగి, మా అమ్మ చెంప మీద చెయ్యి వేసి, వెళ్లిపోయింది. సోమవారం నేను వెళితే మళ్లీ "జెర ఆగు" అంది. క్షమించినట్టు నేనే అనుకున్నాను.

ఐదు వారాల తర్వాత జవాబు వచ్చింది. విద్యార్హత ధ్రువపత్రం జతచేయండి. ఉన్నది మళ్లీ జతచేశాను. పక్కన ఆమె చేతుల మీదుగా వచ్చిన గొట్టాల నాణ్యత నివేదికలు పెట్టాను. ఆమె వచ్చిన తర్వాత చెత్తడబ్బా ఎంత తగ్గిందో పెట్టాను. అవి పెట్టడానికి అక్కడ చోటు లేకపోతే 'ఇతరములు' అన్న దాంట్లో పెట్టాను. మళ్లీ అదే జవాబు. విద్యార్హత ధ్రువపత్రం జతచేయండి. నేను రెండుసార్లు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో కూర్చున్న ఆమె మర్యాదగానే మాట్లాడింది. "మేడమ్, నేను నమ్ముతా. కానీ ఈ గడీలో ఏం నింపాలె? మీరే చెప్పండి" అంది. ఆమె చూపించిన గడీ నిజంగానే ఖాళీగా ఉంది.

పొడిగింపు రాలేదు. అప్పీలుకు వెళదామంటే సారు, "హెడ్డాఫీసు వాళ్లు వేరే మనిషిని చూసుకుంటున్నారమ్మా, డిగ్రీ ఉన్నవాడిని. ఇక వదిలెయ్" అన్నారు. నేను రాయాల్సిన చోట రాయలేదేమో, రాయకూడని చోట రాశానేమో. ఒక అబద్ధం వదిలేసి, ఇంకొక అబద్ధం ఉంచి, రెండు వైపులా నష్టం చేశాను. సునీత మనసు విరిచినందుకు అత్త నిలబడిందా అంటే అదీ లేదు.

చివరి రోజు కూడా ఆమె షిఫ్టు పూర్తి చేసింది. మిగిలిన ఐదు సైజుల్లో మూడు ఆ ఆఖరి నెలలో సునీతకు నేర్పేసింది. తినడానికి కూడా కూర్చునేవాళ్లు కాదు, ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకుంటూ మెషిన్ బొమ్మలు గీసుకునేవారు. ఆ సమయంలో సునీత నాతో మాట్లాడడం మొదలుపెట్టింది, అదీ అత్త కోసమే. "గీ ఇంగ్లిష్ ముక్కకు అర్థమేందో చెప్పు అక్కా" అని.

దేశం విడిచి వెళ్లడానికి ఇచ్చిన అనుమతి కాగితం పట్టుకుని నేను విమానాశ్రయం దాకా వెళ్లాను. ఇంటి యజమాని తన కారులో తీసుకొచ్చాడు, దారంతా "మంచి మనిషికి గిట్ల చేసిన్రు" అని ఎవరినో తిట్టుకుంటూ. గేటు దగ్గర అత్త ఫైలు తీసుకుని, "ఇంకేమన్నా సంతకం ఉందా?" అని అడిగింది.

"లేదు. అన్నీ అయిపోయినయ్."

"ఇది నిజమేనా?"

ఆమె నవ్వుతోంది. నేను ఏడ్చాను.

రెండు నెలల్లో కొత్త ఇంజనీర్ వచ్చాడు, ఇంకో దేశం నుంచి. పెద్ద డిగ్రీ, చిన్న వయసు. అతని కాగితాలు మూడు వారాల్లో అయిపోయాయి. ఒక్క ప్రశ్న రాలేదు. మంచివాడే, సిగ్గరి. స్క్రీన్ మీద గీతలు చూస్తూ కూర్చుంటాడు. గొట్టం చెడినప్పుడు ముందుగా సునీతను చూస్తాడు. ఆమె వేళ్లతో పట్టి చెబితే అతను అంకెలు మారుస్తాడు. జీతం పట్టీలో సునీత ఇంకా హెల్పరే. టెక్నీషియన్‌గా మార్చమని మూడుసార్లు రాశాను. డిప్లొమా జతచేయండి అని మూడుసార్లూ తిరిగొచ్చింది. ఈసారి అలా రాసింది ఏ ప్రభుత్వ ఆఫీసూ కాదు, మా హెడ్డాఫీసే.

ఏడాదికి అతని పొడిగింపు ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. అన్నీ రాశాను, ఆ ఒక్క వాక్యం తప్ప. సారు చదివి తల ఎత్తారు.

"ఇక్కడ ఒక లైన్ ఉండాలి కదమ్మా?"

"రాయను సార్."

"ఏం?"

"సునీతకు వచ్చు సార్. రోజూ అతనికి చెప్పేది సునీతే. మీరే పోయి చూడండి."

సారు ఉత్తరం పక్కన పెట్టి నన్ను చూశారు. కోపం లేదు ఆ చూపులో, అలసట ఉంది. "సరే, వెళ్లు" అన్నారు. ఆ వాక్యం హెడ్డాఫీసులో ఎవరో చేర్చారు. అనుమతి వచ్చింది.

సారుకు రాయనని చెప్పిన ఆ మధ్యాహ్నమే, ఈ సంగతి చెబుదామని అత్తకు వీడియో కాల్ చేశాను. సైకిల్ షెడ్డులో సునీత తింటోంది, పక్కనే కూర్చున్నాను. తెర మీద అత్త బాగా చిక్కిపోయింది. ఒంట్లో బాగాలేదని అప్పటికే చూచాయగా చెప్పింది, ఏమిటని అడిగితే మాట దాటేసేది. ఆమె వెనక మంచం మీద భర్త తల కనిపిస్తోంది. నేను రాయనన్న సంగతి గర్వంగా చెప్పాను. ఏదో అంటుందనుకున్నాను. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

"ట్యూబు?" అంది.

సునీత ఎంగిలి చెయ్యి తుడుచుకుని, జేబులోంచి మూరెడు ముక్క తీసింది. పొద్దుట లైన్ మీద కోసింది. ఫోన్ కెమెరాకు దగ్గరగా పెట్టింది. అత్త కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. ఇటు తిప్పమంది, అటు తిప్పమంది. తన వేళ్లు తెర మీద ఆనించినట్టుంది, కెమెరా మూసుకుపోయి ఒక్క క్షణం మాకు అంతా చీకటైంది.

"నాకు తెలుస్తలేదు" అంది. "నువ్వు చెప్పు."

సునీత కళ్లు మూసుకుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ముక్కను మెల్లగా జార్చింది. మళ్లీ ఒకసారి జార్చింది.

"కుడికి పలుచగుంది అత్తా. జెరంత."

"ఎంతసేపయింది కోసి?"

"రెండు గంటలైతుంది."

"రెండు గంటలు!" అత్త గొంతు పాత గొంతే అయింది. "రెండు గంటల సంది పలుచగ పోతుంటే నాతోని ఏం మాటలు? పో. బోల్టు తిప్పు. పో!"

సునీత డబ్బా మూత కూడా పెట్టకుండా లేచి పరుగెత్తింది. నేను ఫోన్ నా వైపు తిప్పుకుని ఏదో అనబోయాను. అప్పటికే అత్త ఫోన్ పెట్టేసింది.